గ్యాస్ పైపులైను లోపలి తుప్పు: ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసి ఆపడం ఎలా

పైపులైను కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది, సార్ సీపీ రీడింగులన్నీ బాగానే వస్తున్నాయి కదా ఇంక తుప్పు ఎందుకు పడుతుంది అని. సీపీ, అంటే కేథోడిక్ ప్రొటెక్షన్, పైపు బయట మట్టి తగిలే వైపుకి మాత్రమే పనికొస్తుంది, లోపలి గోడకి దాంతో పైసా ఉపయోగం లేదు. బయట కోటింగు కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉండగానే లోపల కింది భాగం సగం తినేసిన పైపులు ఉంటాయి.

మన దగ్గర ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న తెల్లారుజామున కోనసీమలో మామిడికుదురు మండలం నగరం ఊళ్ళో గెయిల్ వాళ్ళ 18 అంగుళాల లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్లో తడి గ్యాస్ పోయిందని, నీళ్ళు, కండెన్సేటు (గ్యాస్‌లోంచి విడిపోయే పెట్రోలు లాంటి ద్రవం) లోపల చేరి తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. అమెరికాలో న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ దగ్గర 2000 ఆగస్టు 19న ఎల్ పాసో కంపెనీ 30 అంగుళాల లైను పేలి నది ఒడ్డున క్యాంపు వేసుకున్న 12 మంది పోయారు, అక్కడా కారణం లోపలి తుప్పే, ద్రవాన్ని పట్టుకోడానికి డ్రిప్ పెట్టి ఉన్నా అది దాటి ముందుకెళ్ళిన నీళ్ళు తర్వాతి పల్లంలో చేరాయి. రెండు దేశాలు, రెండు రకాల లైన్లు, కానీ రెండు చోట్లా చూడాల్సింది నీళ్ళనే.

గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నా, పైపు గోడ పొడిగా ఉంటే అవేమీ చెయ్యలేవు. నీళ్ళు చేరిన చోటే అవి ఆమ్లంగా మారి ఇనుముని తింటాయి. కాబట్టి ఈ పనంతా నిజానికి నీళ్ళ ఆచూకీ తీసే పని, ఎక్కడ నిలుస్తాయి, ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఎలా బయటికి తోలాలి. వరసగా ఎలా చెయ్యాలో కింద రాస్తున్నా, ఫీల్డు గ్యాస్ తీసుకొచ్చే లైన్లని, ట్రాన్స్‌మిషన్ లైన్లని దృష్టిలో పెట్టుకుని. ఇళ్ళకి వెళ్ళే పసుపు ప్లాస్టిక్ పైపుల గురించి కాదు, వాటికి తుప్పు గొడవే లేదు.

ముందు కాగితాలు

పలుగు పార పట్టుకునే ముందు ఆఫీసులో కూచుని చెయ్యాల్సిన పని చాలా ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. గ్యాస్ కాంపోజిషన్ రిపోర్టులు, తేమ ఎనలైజర్ రికార్డు, లైను మొదలైనప్పటి నుంచి ఫ్లో ఎంత, ప్రెషర్ ఎంత, ఎప్పుడైనా ఫ్లో దిశ మార్చారా, మధ్యలో కొత్త బావులు కలిపారా, హైడ్రోటెస్ట్ (పైపులో నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) చేశాక నీళ్ళు సరిగ్గా ఆరబెట్టారా, ఇవన్నీ పోగెయ్యండి. నెలవారీ సగటు ఇస్తే తీసుకోకండి. సగటులో అంతా బాగానే కనిపిస్తుంది, నెలలో మూడు రోజులు డీహైడ్రేషన్ యూనిట్ (గ్యాస్‌లో తేమ తీసేది) పడిపోయి తడి గ్యాస్ అలాగే వదిలేసిన సంగతి సగటులో మునిగిపోతుంది, మీకు కావాల్సింది సరిగ్గా ఆ మూడు రోజులే. కంట్రోల్ రూమ్ షిఫ్ట్ లాగ్ బుక్కులు అడగండి, వాటిలో చేత్తో రాసి ఉంటుంది, టీఈజీ పంపు ట్రిప్, రీబాయిలర్ బర్నర్ ఆఫ్ అని టైముతో సహా (టీఈజీ అంటే గ్యాస్ తేమని పీల్చే గ్లైకాల్ ద్రవం, రీబాయిలర్ దాన్ని వేడిచేసి నీళ్ళు తరిమేది).

ఆ మూడు రోజులకి ఎందుకంత విలువ ఇస్తున్నానో ఒక లెక్క చూడండి. ట్రాన్స్‌మిషన్ లైన్లో గ్యాస్‌కి మామూలుగా పెట్టే హద్దు మిలియన్ ఘనపుటడుగులకి 7 పౌన్ల నీళ్ళు, మన లెక్కలో స్టాండర్డు క్యూబిక్ మీటరుకి దాదాపు 112 మిల్లీగ్రాములు. 40 బార్ ప్రెషర్లో అంత తేమ ఉన్న గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబడితే గానీ నీళ్ళు వదలదు, మన నేలలో పాతిన పైపు అంత చల్లబడే ప్రసక్తే లేదు కాబట్టి లోపల పొడిగానే ఉంటుంది. అదే యూనిట్ పడిపోయి 40 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గ్యాస్ లైన్లోకి వచ్చి, భూమిలో 28 డిగ్రీలకి చల్లబడింది అనుకోండి, రోజుకి పది లక్షల క్యూబిక్ మీటర్లు పోయే లైన్లో ఒక్క రోజులో ఆరేడు వందల లీటర్ల నీళ్ళు పైపు అడుగున చేరతాయి. మూడు రోజులంటే పది డ్రమ్ములు. తర్వాత పొడి గ్యాస్ పంపితే ఆరిపోతాయి కదా అంటారు, కొంత ఆరతాయి నిజమే, కానీ గ్లైకాల్ కలిసిన నీళ్ళు, బురద కింద ఇరుక్కున్న నీళ్ళు అంత త్వరగా ఆరవు.

ఎనలైజర్ రీడింగ్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. అల్యూమినియం ఆక్సైడ్ సెన్సర్ మీద గ్లైకాల్ పేరుకుంటే అసలు తేమ పెరిగినా అది పాత అంకె దగ్గరే కూచుంటుంది. రీడింగు గీత నెలల తరబడి ఊగకుండా తిన్నగా ఉందంటే సంతోషించకండి, చిల్డ్ మిర్రర్ మీటరు (అద్దాన్ని చల్లబరిచి తేమ కొలిచేది) తెప్పించి పక్కన పెట్టి ఒకసారి సరిచూడండి.

గ్యాస్ ఎంత కరుస్తుందో చూడ్డం

కార్బన్ డయాక్సైడ్ శాతం కాదు ముఖ్యం, దాని పార్షియల్ ప్రెషర్, అంటే మొత్తం ప్రెషర్లో దాని వాటా. లైను ప్రెషర్‌ని శాతంతో గుణిస్తే చాలు. 40 బార్ లైన్లో 2 శాతం ఉంటే 0.8 బార్. పాత చేతి లెక్క ఏంటంటే 0.5 బార్ లోపు అయితే పెద్ద భయం లేదు, అక్కణ్ణించి 2 బార్ దాకా మధ్యస్థం, 2 బార్ దాటితే గట్టి దెబ్బే. హైడ్రోజన్ సల్ఫైడ్ పార్షియల్ ప్రెషర్ 0.3 కిలోపాస్కల్ దాటితే అది సోర్ సర్వీసు కిందకి వస్తుంది, అప్పుడు తుప్పుతో పాటు పగుళ్ళ గొడవ మొదలవుతుంది, స్టీలు గ్రేడు, వెల్డు హార్డ్‌నెస్ అన్నీ ఐఎస్‌ఓ 15156 ప్రమాణం ప్రకారం చూడాలి, అది వేరే పెద్ద కథ, ఇక్కడ దాని జోలికి పోను.

రేటు అంచనాకి అందరూ వాడే పాత లెక్క డి వార్డ్, మిలియమ్స్ వాళ్ళది, 1991 రూపంలో ఇలా ఉంటుంది: తుప్పు రేటు లాగరిథమ్ = 5.8 − 1710 ÷ కెల్విన్ ఉష్ణోగ్రత + 0.67 × పార్షియల్ ప్రెషర్ లాగరిథమ్. రేటు ఏడాదికి మిల్లీమీటర్లలో, ప్రెషర్ బార్‌లో. మన 0.8 బార్, 30 డిగ్రీలు వేస్తే ఏడాదికి 1.2 మిల్లీమీటర్లు వస్తుంది, 40 డిగ్రీలు వేస్తే 1.9 దగ్గరికి పోతుంది. 9.5 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపుకి ఇది వింటే గుండె ఆగుతుంది, కానీ ఆగండి, ఇది ఆ చోట గోడ ఏడాది పొడుగునా నీళ్ళలో నానుతూ, పైన ఏ రక్షణ పొరా లేకపోతే వచ్చే గరిష్ఠం. ఏడాదిలో అయిదో వంతు కాలమే తడిగా ఉంటే సుమారుగా 0.25 మిల్లీమీటర్లు. కాబట్టి పైన చెప్పిన లాగ్ బుక్కులు లేకుండా ఈ ఫార్ములా ఒక్కటీ వేసి రిపోర్టు రాసేస్తే అది జోస్యం చెప్పడమే. నార్సాక్ ఎమ్-506 లాంటి మోడళ్ళు పీహెచ్, ప్రవాహం కూడా కలుపుకుని ఇంకాస్త బాగా చెప్తాయి, మీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంటే అవి వాడండి, లేకపోతే దీంతో మొదలెట్టొచ్చు.

నీళ్ళు ఎక్కడ ఆగుతాయి

ఇదే అసలైన మెట్టు, నిదానంగా చదవండి.

గ్యాస్ వేగంగా పోతుంటే నీటిని ముందుకి తోసుకుంటూ ఎత్తు కూడా ఎక్కిస్తుంది, వేగం తగ్గితే నీళ్ళు వాలు ఎక్కలేక వెనక్కి జారి పల్లంలో ఆగిపోతాయి, కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు గాలి పడిపోతే పొల్లు కూడా గింజలతో పాటు కాళ్ళ దగ్గరే రాలినట్టు. ఎంత వాలు దాటితే నీళ్ళు ఎక్కలేవో దాన్ని క్రిటికల్ యాంగిల్ అంటారు. నేస్ (తుప్పు నిపుణుల సంఘం) వాళ్ళ ఎస్‌పీ 0206 అనే పొడి గ్యాస్ లైన్ల ప్రమాణంలో దానికి లెక్క ఉంది:

కోణం సైన్ విలువ = 0.675 × [గ్యాస్ సాంద్రత ÷ (నీటి సాంద్రత − గ్యాస్ సాంద్రత)] × [వేగం వర్గం ÷ (9.81 × పైపు లోపలి వ్యాసం)]^1.091

వేగం సెకనుకి మీటర్లలో, వ్యాసం మీటర్లలో. సెకనుకి 7.6 మీటర్ల లోపు వేగాలకి, 4 నుంచి 48 అంగుళాల లోపు పైపులకి ఇది పనిచేస్తుంది.

ఒక లైను తీసుకుందాం, 18 అంగుళాలు, లోపలి వ్యాసం 0.438 మీటర్లు, 40 బార్, 30 డిగ్రీలు, గ్యాస్ సాంద్రత క్యూబిక్ మీటరుకి 32 కిలోలకి అటూఇటూ. వేగం 6 మీటర్లు ఉంటే క్రిటికల్ యాంగిల్ 13 డిగ్రీలు వస్తుంది. 3 మీటర్లకి తగ్గితే 2.9 డిగ్రీలు. 1.5 మీటర్లకి తగ్గితే 0.6 డిగ్రీలు, అంటే వంద మీటర్ల దూరంలో ఒక మీటరుకి కాస్త పైగా ఎత్తు పెరిగినా చాలు నీళ్ళు ఆగిపోతాయి.

ఇప్పుడు దీన్ని మన గోదావరి డెల్టా మీద పెట్టి చూడండి. నేల బల్లపరుపుగా ఉంటుంది, కొండల్లేవు గుట్టల్లేవు, అయినా ప్రతి కిలోమీటరుకీ ఒక కాలవో, డ్రైనో, రోడ్డో, పైపు దాని కిందకి దిగి మళ్ళీ పైకి వస్తుంది. హెచ్‌డీడీ (పైన తవ్వకుండా కింద నుంచి అడ్డంగా బోరు వేసే) పద్ధతిలో వేసిన క్రాసింగుల్లో పైపు పైకొచ్చే వాలు పది డిగ్రీల దగ్గర ఉండడం మామూలే. బావులు నిండుగా ఉన్న రోజుల్లో వేగం 6 మీటర్లుంటే కాలవ కింద నీళ్ళు ఆగవు, గ్యాస్ తోసుకుపోతుంది. ఏళ్ళు గడిచి బావులు పాతబడి ఫ్లో సగానికి పడిపోతే అదే పైపు, అదే గ్యాస్, అదే కాలవ, నీళ్ళు మాత్రం ఇప్పుడు కింద కూచుంటాయి. డిజైన్ రోజు చేసిన తుప్పు లెక్క పెట్టుకుని ఇవాళ్టి లైన్ని నడపడం ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. నన్నడిగితే ఫ్లో పాతిక శాతం మారిన ప్రతిసారీ ఈ లెక్క మళ్ళీ చెయ్యాలి, అరగంట పని.

చేసే పద్ధతి ఏంటంటే, పైపు పొడుగునా ఎత్తుల ప్రొఫైల్ గీయండి, నేల ఎత్తు కాదు పైపు ఎత్తు, గూగుల్ మ్యాపు ఎత్తులు పెట్టుకుంటే క్రాసింగులన్నీ మాయమైపోతాయి, యాజ్‌బిల్ట్ డ్రాయింగులు (పైపు నిజంగా ఎలా వేశారో చూపించేవి), క్రాసింగ్ డ్రాయింగులు తీసుకోవాలి. ప్రతి ముక్కకీ వాలు లెక్కేసి పక్కన క్రిటికల్ యాంగిల్ పెట్టుకోండి. పొడి గ్యాస్ లైన్లో అప్పుడప్పుడు మాత్రమే నీళ్ళు వస్తాయి కాబట్టి గ్యాస్ లైన్లోకి వచ్చే చివర నుంచి చూసుకుంటూ వస్తే మొట్టమొదట క్రిటికల్ యాంగిల్ దాటిన చోటే ముందు నీళ్ళు ఆగుతాయి, అది బాగుంటే దాని తర్వాతవి బాగుండే అవకాశం ఎక్కువ. ఈ తర్కం రెండు చోట్ల చెడుతుంది. ఫ్లో దిశ ఎప్పుడైనా మారి ఉంటే రెండు వైపుల నుంచీ లెక్క చెయ్యాలి. మధ్యలో ఇంకో లైను వచ్చి కలిసిన చోట కొత్త నీళ్ళు వస్తాయి, అక్కడి నుంచి లెక్క మళ్ళీ మొదటికి. ఇక రోజూ తడి గ్యాస్ పోయే లైనైతే దానికి ఎస్‌పీ 0110 అనే వేరే ప్రమాణం ఉంది, అందులో ప్రతి పల్లాన్నీ విడిగా తూకం వెయ్యాలి.

పల్లాలు కాక మూసేసిన బ్రాంచిలు, బైపాస్ ముక్కలు, వాడని బ్లోడౌన్ లైన్లు (గ్యాస్ బయటికి వదిలేవి), స్టేషన్లలో హెడర్ల చివర్లు కూడా చిట్టాలో రాసుకోండి, గ్యాస్ కదలని చోట ఏ లెక్కా అక్కర్లేదు, నీళ్ళు ఉంటాయి అనుకోవడమే.

లెక్క నిజమో కాదో చూడ్డం

చిట్టాలో పైన ఉన్న రెండు మూడు చోట్ల తవ్వాల్సిందే. కోటింగు తీసి, అడుగు భాగం, గడియారంలో 5 నుంచి 7 మధ్య ఉండే పట్టీ అంతా 25 మిల్లీమీటర్ల గళ్ళు గీసి అల్ట్రాసోనిక్ మీటరుతో ప్రతి గడీ కొలవండి. అక్కడక్కడా నాలుగు చుక్కలు కొలిచి బాగుంది అని రాసెయ్యకండి, లోపలి తుప్పు చిన్న గుంటలుగా పడుతుంది, గళ్ళ మధ్యలోంచి కూడా తప్పించుకుంటుంది, వీలైతే ఫేజ్డ్ ఎరే స్కానర్ (గోడంతా వరసగా చూసే అల్ట్రాసోనిక్ పరికరం) పెట్టించండి. పల్లానికి మరీ అడుగున కంటే పైకెక్కే వాలు మొదలయ్యే చోట ఎక్కువ జాగ్రత్తగా చూడండి, నీళ్ళు అక్కడ ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. పని అయ్యాక మళ్ళీ కోటింగు వేసి హాలిడే టెస్ట్ (కోటింగులో చిల్లులు వెతికే పరీక్ష) చెయ్యకుండా పూడ్చకండి, లోపలి తుప్పు వెతకబోయి బయట తుప్పు తెచ్చుకున్నట్టవుతుంది.

లైన్లో పిగ్ (గ్యాస్ తోస్తే పైపు లోపల నడిచే పరికరం) పోయేలా ఉంటే ఇంత గుద్దులాట అక్కర్లేదు, ఎమ్‌ఎఫ్‌ఎల్ స్మార్ట్ పిగ్ (అయస్కాంతంతో గోడలో గుంటలు పట్టేది) నడిపితే మొత్తం లైను ఒకేసారి బయటపడుతుంది, లోపల గుంటా బయట గుంటా అని కూడా విడదీసి చెప్తుంది. అయినా పైన చెప్పిన లెక్క మానకండి. స్మార్ట్ పిగ్ నిన్నటి వరకు ఏం జరిగిందో చెప్తుంది, రేపు ఎక్కడ జరుగుతుందో చెప్పేది నీళ్ళ లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పిగ్ చూపించిన గుంటలు మీరు లెక్కేసిన పల్లాల్లో లేకపోతే ఫ్లో చరిత్రలో మీకు చెప్పని సంగతి ఏదో ఉందని అర్థం.

కూపన్లు, శాంపిళ్ళు

కూపన్ అంటే బరువు తూచిన చిన్న స్టీలు పలక, లైన్లో పెట్టి మూడు నెల్లో ఆరు నెల్లో ఆగి తీసి కడిగి మళ్ళీ తూస్తారు. అమెరికా రూల్స్ ప్రకారమైతే ఇనుముని తినే గ్యాస్ పోతున్న లైన్లో ఏడాదికి రెండుసార్లు, రెంటి మధ్య ఏడున్నర నెలలు దాటకుండా చూడాలి, మన దగ్గర కూడా దానికంటే సాగదీయకపోవడమే మంచిది. లెక్క ఇది: మిల్లీమీటర్లు ఏడాదికి = 87600 × తగ్గిన గ్రాములు ÷ (చదరపు సెంటీమీటర్లు × గంటలు × సాంద్రత). 22 చదరపు సెంటీమీటర్ల పలక 90 రోజులుండి 0.42 గ్రాములు తగ్గితే, గంటలు 2160, స్టీలు సాంద్రత 7.86, వచ్చేది దాదాపు 0.1. నేస్ లెక్కలో 0.025 లోపు తక్కువ, 0.12 దాకా మధ్యస్థం, 0.25 దాకా ఎక్కువ, ఆపైన తీవ్రం. అంటే ఇది మధ్యస్థంలో పై అంచు. బరువుతో ఆగిపోకుండా పలక మీద గుంటలు ఉన్నాయేమో మైక్రోస్కోప్ కింద లోతు కొలవండి, బరువు పెద్దగా తగ్గకుండానే ఒక్క గుంట లోతుగా దిగి ఉండొచ్చు.

కూపన్ ఎక్కడ పెట్టారన్నది ఎంత వచ్చిందన్నదాని కంటే ముఖ్యం. స్టేషన్ లోపల నేల పైన, పైపు పైభాగం నుంచి సగం లోతుకి వేలాడే కూపన్ పొడి గ్యాస్‌ని చూస్తుంది, నీళ్ళని చూడదు, అది పదేళ్ళైనా మెరుస్తూనే వస్తుంది. పైపు అడుగుకి సమంగా ఉండే ఫ్లష్ కూపన్, అదీ నీళ్ళు చేరే చోట పెట్టాలి. మెరిసే కూపన్ చూపించి లైను బాగుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు వాళ్ళలో చేరకండి. రోజూ రీడింగ్ కావాలంటే ఈఆర్ ప్రోబ్ (లోహం తరిగేకొద్దీ పెరిగే విద్యుత్ నిరోధాన్ని కొలిచేది) పెట్టుకోండి, ఎల్‌పీఆర్ ప్రోబ్ నీళ్ళలో కరెంటుతో కొలిచేది, దానికి చుట్టూ నీళ్ళు ఉండాలి కాబట్టి గ్యాస్ లైన్లో అది సరిగ్గా పలకదు.

పిగ్ రిసీవర్ (లైను చివర పిగ్‌ని బయటికి తీసే చోటు) తెరిచినప్పుడు వచ్చే మురికి బంగారం, దాన్ని డ్రమ్ములో పారబోసే ముందు శాంపిల్ తియ్యండి. అయితే ముందు ఒక హెచ్చరిక, ఆ నల్లపొడిలో ఐరన్ సల్ఫైడ్ ఉంటే గాలి తగలగానే దానంతట అదే అంటుకుంటుంది. ప్రెషర్ పూర్తిగా దించాక, రిసీవర్ తలుపు తీసే ముందు, తీసేటప్పుడు నీళ్ళతో తడుపుతూ ఉండాలి, హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) మీటరు చొక్కాకి ఉండాలి, తలుపుకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. పొడిని మూత గట్టిగా బిగించి తడిగానే పంపండి.

నీళ్ళ శాంపిల్‌కి మూడు సీసాలు. ఒకదానిలో పీహెచ్ అక్కడికక్కడే చూసి రాసుకోండి, ల్యాబుకి పంపితే దార్లోనే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరిగిపోతుంది. లైను లోపల ప్రెషర్లో ఇంకా తక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి, మన 0.8 బార్ ఉదాహరణలో అప్పుడే చేరిన స్వచ్ఛమైన నీటికి పీహెచ్ 4 దగ్గర. రెండో సీసాలో కొంచెం నైట్రిక్ ఆసిడ్ వేసి పంపండి, ఐరన్, మాంగనీస్ లెక్కకి, ఆసిడ్ వెయ్యకపోతే ఐరన్ అడుగున పేరుకుని అంకె తక్కువ వస్తుంది. మాంగనీస్ ఎందుకంటే స్టీల్లో అది ఒక శాతం దగ్గర ఉంటుంది, నీళ్ళలో ఐరన్‌కి తగ్గ పాళ్ళలో మాంగనీస్ కూడా కనిపిస్తే ఆ ఐరన్ బావిలోంచి రాలేదు మీ పైపు గోడ నుంచే వచ్చింది. మూడోది బ్యాక్టీరియాకి, అంచు దాకా గాలి లేకుండా నింపి అదే రోజు మీడియా సీసాల్లోకి ఎక్కించాలి, సల్ఫేట్ తినే బ్యాక్టీరియా ఉంటే సీసా నల్లబడుతుంది, 28 రోజుల దాకా ఆగి చూడాలి. గుంట గిన్నెలా నున్నగా లోతుగా ఉండి పైన నల్ల బురద ఉంటే బ్యాక్టీరియా మీద అనుమానం పెట్టుకోండి, కానీ ఆకారం ఒక్కటీ చూసి తీర్పు చెప్పెయ్యకండి.

ఆపడం: నీళ్ళు రానివ్వకపోవడం ముందు, మందు తర్వాత

ఇన్హిబిటర్ (తుప్పుని అడ్డుకునే మందు) అమ్మేవాళ్ళు ముందు మందు గురించే మాట్లాడతారు, మీరు ముందు డీహైడ్రేషన్ దగ్గరికి వెళ్ళండి. టీఈజీ యూనిట్ బాగా నడుస్తుంటే మిగతా పనులన్నీ సగానికి తగ్గిపోతాయి. నాలుగు చోట్ల చూడండి. ఇన్‌లెట్ సెపరేటర్ ద్రవాన్ని పట్టుకుంటోందా లేదా, అది వదిలేస్తే ఉప్పునీళ్ళు, కండెన్సేటు గ్లైకాల్‌లో కలిసి నురగ వస్తుంది. రీబాయిలర్ 190 నుంచి 204 డిగ్రీల మధ్య నిలుస్తోందా, అంతకంటే పెంచితే గ్లైకాలే చెడిపోతుంది, తగ్గితే గ్లైకాల్ తడిగానే తిరుగుతుంది. పంపు సర్క్యులేషన్ ఫ్లోకి సరిపడా ఉందా. నాలుగోది ఎవరూ చూడరు, ఫ్లో బాగా తగ్గిపోతే కాంటాక్టర్ (గ్యాస్, గ్లైకాల్ కలిసే టవరు) ట్రేలలో గ్లైకాల్ సరిగ్గా నిలవదు, అంటే బావులు పాతబడినప్పుడు లైన్లో నీళ్ళు ఆగడమూ, యూనిట్ పని తగ్గడమూ రెండూ ఒకేసారి వచ్చి పడతాయి. పైగా మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో కూలర్లు చెయ్యలేక గ్యాస్ 40 బదులు 50 డిగ్రీల దగ్గర కాంటాక్టర్‌కి వస్తే తేమ అరవై శాతానికి పైగా ఎక్కువ మోసుకొస్తుంది, డిజైన్‌లో అంత లెక్క లేకపోతే అవతలి వైపు తడి గ్యాసే. వేసవిలో ఎనలైజర్ అలారం వస్తే సెన్సర్ పాడైందని తోసెయ్యకండి.

తర్వాత పిగ్గింగ్. పల్లంలో చేరిన నీటిని కప్ పిగ్ గానీ డిస్క్ పిగ్ గానీ తోసుకొస్తుంది, పేరుకున్న బురద కింద తుప్పుకి బ్రష్ పిగ్ కావాలి. ఎన్నాళ్ళకోసారి అంటే క్యాలెండర్ చూసి కాదు, రిసీవర్‌లో ఎన్ని లీటర్లు వచ్చాయో చూసి. ప్రతి పిగ్‌కీ నీళ్ళు ఎన్ని లీటర్లు, బురద ఎన్ని కిలోలు అని ఒక రిజిస్టర్ పెట్టండి, పెరుగుతుంటే గడువు తగ్గించండి, రెండు మూడుసార్లు పొడిగా వస్తే పెంచండి. డీహైడ్రేషన్ యూనిట్ పడిపోయి తిరిగి లేచిన ప్రతిసారీ షెడ్యూల్‌తో పని లేకుండా ఒక పిగ్ పంపించెయ్యండి, నా లెక్కలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే పని ఇంకోటి లేదు. పిగ్ పోని లైనైతే వీలున్నప్పుడు కొన్ని గంటలు ఫ్లో పెంచి వేగాన్ని క్రిటికల్ కంటే పైకి తీసుకెళ్ళి నీళ్ళు తోలెయ్యొచ్చు, అవతల స్లగ్ క్యాచర్ (ఒక్కసారిగా వచ్చే ద్రవాన్ని పట్టే పాత్ర) దగ్గర ఉన్నవాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పి మరీ.

ఇంక మందు. ఇన్హిబిటర్ గోడకి పల్చటి పొరలా పట్టుకుని నీళ్ళని దూరం పెడుతుంది, కాబట్టి గోడ మురికిగా ఉంటే పట్టదు, ముందు బ్రష్ పిగ్, తర్వాతే మందు. రెండు పిగ్‌ల మధ్య మందు నింపి పంపే బ్యాచ్ పద్ధతికి ఎంత కావాలో లెక్క తేలికే, లోపలి వైశాల్యం × 75 మైక్రాన్ల పొర. మన 18 అంగుళాల పైపు పది కిలోమీటర్లకి దాదాపు 1,030 లీటర్ల ద్రవం. అందులో సగం పోసి అయిందనిపిస్తే చివరి కిలోమీటర్లకి ఏమీ అందదు. నిరంతరం పంపుతో ఎక్కించే పద్ధతిలో మోసం చేసేది పంపు. మందు పనిచేస్తున్నప్పుడు రేటు 0.1, లేనప్పుడు 1.2 అనుకోండి. పంపు ఏడాదిలో 95 శాతం రోజులు నడిస్తే సగటు 0.155, 80 శాతమే నడిస్తే 0.32, అంటే రెట్టింపు. ఖరీదైన మందు మార్చే ముందు పంపు ఎన్ని రోజులు ఆగిందో, డే ట్యాంక్ ఎన్నిసార్లు ఖాళీ అయ్యిందో చూడండి. కొత్త మందు తెచ్చేటప్పుడు మీ గ్లైకాల్‌తో, మీ కండెన్సేటుతో కలిపి ల్యాబులో నురగ, ఎమల్షన్ పరీక్ష చేయించకుండా లైన్లోకి ఎక్కించొద్దు. బ్యాక్టీరియా తేలితే బయోసైడ్ (బ్యాక్టీరియాని చంపే మందు) కూడా బ్రష్ పిగ్ వెనకాలే పంపాలి.

ఆక్సిజన్ గురించి ఒక్క మాట, మామూలు ఫీల్డు గ్యాస్‌లో ఉండదు, కానీ ఇప్పుడు బయోగ్యాస్ కూడా లైన్లలో కలుపుతున్నారు కాబట్టి కలిసే చోట ఆక్సిజన్, తేమ, హెచ్‌టూఎస్ మూడింటికీ ఎనలైజర్ పెట్టి, హద్దు దాటితే వాల్వు దానంతట అదే మూసుకునేలా చెయ్యాలి. మనిషి చూసి మూస్తాడులే అనుకుంటే రాత్రి షిఫ్టులో అది జరగదు.

తవ్వినప్పుడు నిజంగానే గుంట కనపడితే

ముందు కొలత, లోతూ పొడుగూ. గోడలో 80 శాతం లోతు దాటితే ఏ లెక్కా లేదు, మార్చాల్సిందే. ఆ లోపు ఉంటే ఆస్మే బీ31జీ లెక్క వేసి ఆ గుంట ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో తెలుసుకోవాలి, దానికి తోడు పెరుగుదల కూడా. 9.5 మిల్లీమీటర్ల గోడలో 3.8 పోయింది, ఏడాదికి 0.3 చొప్పున తింటోంది అంటే లోతు లెక్కలో 80 శాతానికి పన్నెండేళ్ళు పైన, మళ్ళీ చూడాల్సిన గడువు అందులో సగం, ఆరేళ్ళు. ప్రెషర్ లెక్క ఇంతకంటే తక్కువ చెప్తే అదే ఖాయం.

గుంట ప్రమాదంగా కనిపిస్తే ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ముందు లైను ప్రెషర్‌ని ఆ సమయానికి ఉన్నదాంట్లో 80 శాతానికి దించమనండి, ఫైలు తర్వాత కదుల్తుంది. రిపేర్‌కి బయటి నుంచి కాంపోజిట్ (ఫైబరు పట్టీ) చుట్టెయ్యడం లోపలి తుప్పుకి పనికిరాదు, లోపల తింటూనే ఉంటుంది, గోడ తూట్లు పడితే గ్యాస్ చుట్టు కిందకి వచ్చేస్తుంది. చివర్లు పూర్తిగా వెల్డ్ చేసి ప్రెషర్ ఆపగలిగే టైప్ బీ స్లీవ్ (పైపు మీద వేసే స్టీలు తొడుగు) వెయ్యాలి, లేదా ఆ ముక్క కోసి కొత్తది పెట్టాలి. వెల్డ్ చేసే చోట గోడ ఎంత మందం మిగిలిందో ముందు కొలిపించండి, పల్చటి గోడ మీద గ్యాస్ పోతుండగా వెల్డింగ్ అంటే ప్రాణాలతో చెలగాటం. స్లీవ్ వేసిన వారంలోపే ఆ పల్లానికి ఎగువన డీహైడ్రేషన్ దగ్గర ఏం జరిగిందో వెతికి సరిచెయ్యకపోతే, నీళ్ళు స్లీవ్ అంచు దాటి రెండు మీటర్ల అవతల కొత్త గుంట తవ్వడం మొదలెడతాయి, అందుకే ఆ తవ్విన గోతికి రెండు వైపులా పైపుని పల్లం చివరి దాకా కొలిచి, ఆ అంకెలు చైనేజ్‌తో (లైను మొదలు నుంచి దూరం) సహా రాసుకున్నాకే మట్టి పూడ్పించండి.